కార్డు తర్వాత మార్చుకుందాం

"పట్టదమ్మా."

శ్రీదుర్గ అన్నది ఆ ఒక్క మాటే. అదైనా తండ్రి మొహం చూసి అనలేదు. గుమ్మంలో నిలబడ్డ తల్లితో అంది.

నవారు మంచం మీద రెండు వస్తువులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి శ్రీదుర్గ లాప్‌టాప్. కొన్న రోజున అమ్మిరాజు దాని మూత మీద పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు ఇంకా పూర్తిగా చెరగలేదు. రెండోది, ఇప్పుడే థర్మోకోల్ చేపల పెట్టెలోంచి బయటికి తీసిన గ్రాఫిక్స్ కార్డు. తడి తగలకూడదని అమ్మిరాజు దాన్ని భీమవరం నుంచి ఆ పెట్టెలో పెట్టి, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మూడు పంకాలున్న ఆ కార్డు మోచేతి పొడవుంది. చిన్న నాటుపడవకి బిగిద్దామని తెచ్చిన ఓడ ఇంజన్‌లా ఉంది.

అమ్మిరాజు మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఇప్పుడెలా దాచుకోవాలో అతనికి తెలియలేదు.

"సరిగ్గా చూడమ్మలూ. వెనక రేకు తీస్తే చోటుంటుంది. గేమింగుకి ఇంతకు మించింది లేదన్నాడు కొట్టాయన."

"ఇది టేబుల్ మీద పెట్టుకునే పెద్ద కంప్యూటర్లకమ్మా." శ్రీదుర్గ మళ్ళీ తల్లితోనే అంది. "లాప్‌టాప్‌లో కార్డు బోర్డుకే అతికించేసి ఉంటుంది. ఊడదు. ఇంకోటి పెట్టడానికి చోటుండదు. కొన్నరోజే చెప్పాను."

చెప్పింది. అబద్ధమేమీ కాదు. రాజమండ్రిలో కొట్టువాడి ముందే చెప్పింది. ఆ పిల్ల కోరుకున్నది వేరే లాప్‌టాప్. నల్లగా, మందంగా, ఏ సింగారమూ లేకుండా ఉండేది. బొమ్మల్ని తెర మీద కదిలించే కార్డు మాత్రం అందులో గట్టిది. అమ్మిరాజుకు అది కంటికి ఆనలేదు. మీటల కింద ఎర్రగా లైట్లు వెలిగే పెద్ద తెర లాప్‌టాప్ మీద మనసు పడ్డాడు. కార్డు చిన్నదంటే చెవిన వేసుకోలేదు. "దానికేముంది, కార్డు తర్వాత మార్చుకుందాం" అన్నాడు. కొట్టువాడు అవునూ అనలేదు, కాదూ అనలేదు. బిల్లు రాశాడు.

అమ్మిరాజు తప్పేముంది అందులో? అతని తాతా, తండ్రీ, అతనూ, ఆ రేవులో అందరూ అలాగే కదా బతికింది. ముందు మంచి పడవ చూసుకుంటారు. ఉన్నదాంట్లో చిన్న ఇంజన్ బిగిస్తారు. నాలుగు వేటలు బాగా పడ్డాక పెద్ద ఇంజన్ మారుస్తారు. ఏ పడవకైనా ఇంజన్ ఊడదంటే ఆ రేవులో నవ్వుతారు.

"అది సరే." రామలక్ష్మి గుమ్మం దిగి అరుగు మూలకు చూసింది. అక్కడ పాత వల కప్పి ఉంచిన రెండో ఇంజన్ ఉండాలి. వల మాత్రం మడత పెట్టి ఉంది. "ఇంజనేదయ్యా?"

అమ్మిరాజు చేపల పెట్టెకు మూత వేసే పనిలో పడ్డాడు.

"నిన్నే. ఇంజనేది?"

"అది ఊరికే పడుంది కదే."

"ఊరికే పడుందా? వేట మొదలవగానే ఆ ఇంజన్ మా తమ్ముడికిస్తానని గంగమ్మ గుడి దగ్గర అందరిలో చెప్పేవు. గణేష్‌బాబు దాన్ని నమ్ముకుని పడవకి రంగులు కూడా వేయించుకున్నాడు. ఇప్పుడు వాడికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"వాడికి నేను చెప్పుకుంటాలే."

"ఏమని చెబుతావు? నీ ఇంజన్ అమ్మేసి, ఎందుకూ పనికిరాని పంకాలు కొన్నానని చెబుతావా?"

"పిల్ల కోసమే కదే కొన్నాను!"

"పిల్ల అడిగిందా నిన్ను?" రామలక్ష్మి గొంతు పెరిగింది. "అడిగినప్పుడు కొనలేదు. అడగనిది తెచ్చేవు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, దీన్ని పిలిచి ఏం కావాలే అని అడిగితే నీ సొమ్మేం పోయేది?"

అమ్మిరాజు కూతురి వంక చూశాడు. ఆ పిల్ల ఏదో ఒకటి అంటుందని ఆశపడ్డాడు. తిట్టినా సరే అనుకున్నాడు. శ్రీదుర్గ కార్డును జాగ్రత్తగా దాని అట్టపెట్టెలో పెట్టి మూత వేసింది. భీమవరం కొట్టుకి ఫోన్ చేస్తే, సీలు తీసిన పెట్టె వెనక్కి తీసుకోమండీ అని చాలా మర్యాదగా పెట్టేశారు.

చేపల వేటకు సర్కారు నిషేధం పెట్టిన రోజులు. రేవులో పడవలన్నీ గట్టెక్కి ఉన్నాయి. మగాళ్ళంతా చెట్ల కింద చేరి వలలు బాగు చేసుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. మామూలుగా అయితే అమ్మిరాజు లేకపోతే ఆ కబుర్లు సాగవు. ఎవరి ఇంజన్ మొరాయించినా ముందు అతని పేరే తలుస్తారు. ఇప్పుడు అక్కడికి వెళ్ళబుద్ధి కాలేదు. ఇంట్లో ఉందామంటే పలకరించే మనిషి లేదు. రామలక్ష్మి పోట్లాడటానికైనా నోరు విప్పుతోంది. కూతురు అదీ లేదు. లాప్‌టాప్ మధ్యమధ్యలో ఆగిపోవడం మొదలైన దగ్గర్నుంచి ఆ పిల్ల అతనితో నేరుగా మాట్లాడటం మానేసింది. అన్నం తింటావా అని అడగాలన్నా తల్లి చేత అడిగిస్తుంది. పోయిన ఇంజన్ గురించి అమ్మిరాజుకు అంత బెంగ లేదు. తన కూతురు మళ్ళీ తనతో మాట్లాడాలి. అంతకంటే అతను కోరుకునేది ఏమీ లేదు.

"ఈవేళ సాయంత్రంలోగా పంపకపోతే ఇంక అక్కర్లేదమ్మా." శ్రీదుర్గ సంచీలో లాప్‌టాప్ సర్దుతోంది. "రాజమండ్రి వెళ్ళొస్తాను. ఇదీ, ఆ కార్డూ కలిపి తీసుకుని, నేనడిగింది ఇస్తారేమో కనుక్కుంటాను."

హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి శ్రీదుర్గకు పరీక్ష పెట్టింది. నీకు బాగా తెలిసిన చోటు ఒకదాన్ని కంప్యూటర్‌లో కట్టి, అందులో నడుస్తున్నట్టు చిన్న వీడియో పంపమంది. నరసాపురంలో డిగ్రీ చదువుతూనే ఆ పిల్ల ఆ విద్యంతా ఫోన్‌లో చూసి నేర్చుకుంది. కట్టడం అయింది. వీడియో తీయబోతే లాప్‌టాప్ వేడెక్కి, రొద పెట్టి, ఆగిపోతోంది.

"నేనూ వస్తాను" అన్నాడు అమ్మిరాజు.

శ్రీదుర్గ తల్లి వంక చూసింది.

"తీసుకెళ్ళు. బిల్లు ఆయన పేరు మీదుంది కదే" అంది రామలక్ష్మి. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "అక్కడ నువ్వు నోరెత్తకు. దాన్ని మాట్లాడనియ్యి."

రైల్లో కిటికీ పక్క సీటు కూతురికి వదిలి, అమ్మిరాజు ఎదురుగా కూర్చున్నాడు. చేపల పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసనకు పక్కనున్న ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "చేపలాండీ?" అని అడిగింది.

"కాదండి. గ్రాఫిక్స్ కార్డండి."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. మామూలు రోజైతే శ్రీదుర్గ పగలబడి నవ్వేది. చిన్నప్పుడు రైలెక్కితే దిగేదాకా కబుర్లే. గేదెలెందుకు నీళ్ళలో పడుకుంటాయి, పట్టాలు అరిగిపోతే ఎవరు మారుస్తారు, అన్నీ తండ్రినే అడిగేది. తెలిసినవీ తెలియనివీ కలిపి అమ్మిరాజు జవాబు చెప్పేవాడు. ఇప్పుడు అడిగేవన్నీ ఫోన్‌నే అడుగుతోంది. దానికి తెలియనిదంటూ ఉండదు.

తణుకులో ముంజలు అమ్మకానికొచ్చాయి. అమ్మిరాజు కొని, ఒకటి తొక్క తీసి చెయ్యి చాపాడు.

"తిను. చల్లగా ఉన్నాయి."

శ్రీదుర్గ తల అడ్డంగా ఊపింది. చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్స్ తీయలేదు. ముంజలోని నీళ్ళు అమ్మిరాజు వేళ్ళ మీదుగా మోచేతి దాకా కారాయి. ఎవరూ చూడకుండా అతనే తినేశాడు. మిగతావి పక్కావిడ పిల్లలకిచ్చాడు.

రాజమండ్రి కొట్టులో ఏసీ చల్లగా ఉంది. గోడ నిండా లాప్‌టాప్‌లు తెరిచి పెట్టి ఉన్నాయి. శ్రీదుర్గ కోరుకున్నది ఇంకా అక్కడే ఉంది. ఆ పిల్ల దాని వంక ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది. అమ్మిరాజు చూశాడు ఆ చూపు. బట్టల కొట్లో అద్దాల వెనకున్న గౌను వంక అయిదేళ్ళ వయసులో కూడా అలాగే చూసి, అడగకుండా వచ్చేసింది.

కౌంటర్ వెనకున్న కుర్రాడు మంచివాడే. కార్డు పెట్టె తెరిచి, మూసి, నవ్వకుండా పక్కన పెట్టాడు.

"ఇది మేము తీసుకోలేమండి. మా దగ్గర కొన్నది కాదు కదండీ. లాప్‌టాప్ అయితే ఎక్స్‌చేంజ్ చేయొచ్చండి. వారంటీలోనే ఉంది. పైన కొంచెం పడుతుంది."

శ్రీదుర్గ మొహంలోకి కళ వచ్చింది. "పడితే కడతామండి. ఈరోజే ఇస్తారా?"

"ఇస్తామండి. ఒక్క నిమిషం, చెక్ చేసేస్తాను."

కుర్రాడు లాప్‌టాప్‌ను బోర్లా తిప్పాడు. వెనక రేకు మీద వేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. ఒక మర మీద అతికించి ఉండాల్సిన చిన్న తెల్ల కాగితం సగానికి చిరిగి ఉంది. పక్క మర తల అరిగి గుండ్రంగా అయిపోయింది.

"దీన్ని ఎవరైనా విప్పారాండీ?"

అమ్మిరాజు ఆ చిరిగిన కాగితం వంక చూశాడు.

విప్పాడు. మొన్న శ్రీదుర్గ స్నానానికి వెళ్ళినప్పుడు, కొత్త కార్డు కూర్చునే చోటు ఎలా ఉంటుందో చూద్దామని, ఇంజన్ పనికి వాడే స్క్రూడ్రైవర్‌తో విప్పాడు. మూడు మరలు వచ్చాయి. నాలుగోది రాలేదు. నీళ్ళ చప్పుడు ఆగేసరికి మళ్ళీ బిగించేశాడు. ఆ చిన్న కాగితాన్ని అతను లెక్కచేయలేదు. ఇంజన్ల మీద అలాంటి కాగితాలు ఎన్ని ఊడబీకలేదు?

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. నేనే విప్పానండీ, అమ్మాయికి తెలియదండీ, అంటే సరిపోతుంది. చేపల పెట్టెను ఇంకో చేతికి మార్చుకున్నాడు. రామలక్ష్మి నోరెత్తవద్దన్న మాట అడ్డం పెట్టుకుందామని కూడా ఒక క్షణం అనిపించింది.

శ్రీదుర్గ తండ్రి వంక చూసింది. ఇంటి దగ్గర్నుంచి అదే మొదటిసారి. ఆ చూపులో ప్రశ్న లేదు. అంతా తెలిసిపోయింది.

"నేనే తీశానండి" అంది కుర్రాడితో. "వేడెక్కుతోందని లోపల దుమ్ము తుడిచాను."

"అయ్యో, అలా చేయకూడదండి. సీలు చిరిగితే వారంటీ పోయినట్టే. కంపెనీవాళ్ళు ఒప్పుకోరు. మీరే చేశారా? చదువుకున్నవారు కదండీ, కింద రాసే ఉంటుంది కదా."

"చూసుకోలేదండి. తప్పయిపోయింది."

"సారీ అండి."

"పర్వాలేదండి."

అమ్మిరాజుకు తల కొట్టేసినట్టయింది. ఆ కుర్రాడు తనను తిట్టి ఉంటే బాగుండేది. కూతురు చెయ్యని తప్పుకు కూతురు మాట పడుతుంటే పక్కన చేపల పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఇల్లు దాటి పరాయివాళ్ళ ముందు తండ్రి పరువు నిలబెట్టిన పిల్ల, కొట్టు మెట్లు దిగాక ఒక్క మాటైనా అంటుందేమోనని ఎదురుచూశాడు. అనలేదు.

"అమ్మలూ, నేను చెబుదామనే..."

"రైలు టైమవుతోంది" అంది శ్రీదుర్గ. గాలితో అన్నట్టు అంది.

నిడదవోలులో దిగి నరసాపురం బండి కోసం ఆగాలి. వెయిటింగ్ హాల్లో ప్లగ్గు దొరికింది. శ్రీదుర్గ సిమెంటు బెంచీ మీద బాసింపట్టు వేసుకుని, లాప్‌టాప్ ముందు పెట్టుకుంది. మీటల కింద ఎర్ర లైట్లు వెలిగాయి. అమ్మిరాజు ముచ్చటపడి కొన్న లైట్లు అవి. ఇప్పుడు వాటిని చూస్తుంటే కోపం వచ్చింది.

కాసేపటికి లాప్‌టాప్ రొద పెట్టింది. హాల్లో కునుకు తీస్తున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి, వింతగా చూసి, మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు.

అమ్మిరాజు బెంచీకి అవతలి చివర కూర్చున్నాడు. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత చోటుంది. ఎవరూ వచ్చి కూర్చోలేదు. వస్తే బాగుండుననిపించింది. కూతురి వేళ్ళు టకటకా కదులుతున్నాయి. పెదవి కొరుక్కుంటోంది. ఏదో తీసేస్తోంది, మళ్ళీ పెడుతోంది, మళ్ళీ తీసేస్తోంది.

"ఇంతకీ..." గొంతు సర్దుకున్నాడు. "ఇంతకీ అందులో ఏం కట్టేవమ్మా?"

వేళ్ళు ఆగాయి.

"ఇప్పుడడుగుతున్నావా?"

నేరుగా అతనితోనే అంది. అది కోపమో కాదో అమ్మిరాజుకు తెలియలేదు. కోపమైనా సరే, మాట అతనికే వచ్చింది.

"ఇప్పుడే అడుగుతున్నాను" అన్నాడు. "ముందే అడగాల్సింది."

శ్రీదుర్గ లాప్‌టాప్‌ను కొంచెం అతని వైపు తిప్పింది. అమ్మిరాజు బెంచీ మీద జరిగి దగ్గరకు వచ్చాడు. మరీ దగ్గరకు రాలేదు.

తెర మీద గోదారి.

మొదట అతను నమ్మలేదు. ఎవరో తీసిన ఫోటో అనుకున్నాడు. నీళ్ళు కదిలాయి. పోటు ఎక్కేటప్పుడు, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళు రెండు రంగుల్లో కలుస్తాయి. తెర మీద కూడా అలాగే కలుస్తున్నాయి. సరుగుడు చెట్లు గాలికి ఊగుతున్నాయి. కర్రల మీద చేపలు ఎండుతున్నాయి. వాళ్ళ ఇల్లు, అరుగు, అరుగు మూల వల కప్పిన ఇంజన్. గుమ్మంలో రామలక్ష్మి నిలబడి, చేత్తో కళ్ళకు ఎండ కాచుకుని ఏటి వైపు చూస్తోంది. దూరంగా అమ్మిరాజు పడవ, నీలం రంగు మీద పసుపు గీతతో, రేవు వైపు వస్తోంది.

"మన రేవే!" అన్నాడు. "మొత్తం నువ్వే కట్టేవా?"

"ఊఁ."

"ఎన్నాళ్ళు పట్టిందమ్మా?"

"చాలా."

అన్నాళ్ళూ ఆ పిల్ల పక్కగదిలోనే ఉంది. అతను తలుపు దగ్గరగా వెళుతూ, మళ్ళీ ఆ పెట్టె ముందే కూర్చుందనుకుని వెళ్ళిపోయేవాడు. ఒక్క అడుగు లోపలికి వేసి ఉంటే తన రేవు తనకు కనిపించేది.

పడవ దగ్గరకొచ్చింది. అమ్మిరాజు ముందుకు వంగి చూశాడు. పడవ వెనక చుక్కాని కర్ర ఒక్కటే ఊగుతోంది. అక్కడ మనిషి లేడు.

"ఇదేంటమ్మా? పడవలో ఎవరూ లేరేంటి?"

శ్రీదుర్గ బొమ్మను అక్కడే ఆపింది.

"మీ అమ్మ ఎవరికోసం చూస్తున్నట్టు?"

"నువ్వుండేవాడివి." నెమ్మదిగా అంది. "కార్డు మోయలేకపోతోంది. నీళ్ళు, చెట్లు, ఇల్లు అయితే ఎలాగో లాగుతోంది. మనుషులు బరువు. అమ్మ దూరంగా ఉంటుంది కాబట్టి మొహం సరిగ్గా చేయకపోయినా తెలియదు. నువ్వు దగ్గరకొస్తావు. చర్మం, జుట్టు, చొక్కా మడతలు, తలకు చుట్టుకున్న తువ్వాలు గాలికి కదలడం, అన్నీ కనిపించాలి. మొత్తం ఇందులో అన్నిటికంటే బరువు నువ్వే. ఏదో ఒకటి తీస్తేగానీ నడవట్లేదు."

"ఎప్పుడు తీసేవు?"

"ఇందాక. నీళ్ళు తగ్గించి చూశాను, చెట్లు తీసి చూశాను. అయినా ఆగిపోతోంది. నిన్ను తీస్తే నడిచింది."

అమ్మిరాజు తల ఊపాడు. ఏడుపు వస్తుందేమోనని భయపడి మళ్ళీ మళ్ళీ ఊపాడు. కొట్లో ఆ నల్ల లాప్‌టాప్ కొని ఉంటే తను ఆ పడవలో ఉండేవాడు. కార్డు తర్వాత మార్చుకుందాం అని తన నోటితో తనే అన్నాడు.

"నేనున్నది ఉందా? చెరిపేసేవా?"

శ్రీదుర్గ ఇంకో వీడియో తెరిచింది. అదే గోదారి, అదే ఇల్లు. పడవలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు. భుజం కొంచెం ఒక పక్కకు వాలి ఉంది. తన భుజం అలా వాలి ఉంటుందని అమ్మిరాజుకు ఈ వయసులో తెలిసింది. పడవ రేవుకు దగ్గరయ్యేకొద్దీ తెర మీద నీళ్ళు తడబడ్డాయి. ఇల్లు అదిరింది. మనిషి ఇంటి వైపు తల తిప్పబోయాడు. చెవీ, సగం చెంపా కనిపించాయి. అంతే, బొమ్మ ఆగిపోయింది. క్షణం తర్వాత ఒక్క గెంతుతో పడవ రేవులో ఉంది.

"నువ్వు ఇటు తిరిగే చోటే ఆగుతోంది" అంది శ్రీదుర్గ. "ఎన్నిసార్లు తీసినా అక్కడే. అక్కడ నువ్వు తిరిగి చూసి నవ్వాలి."

అమ్మిరాజు ఆగిపోయిన తన చెంపను ఎంతసేపు గుర్తు చేసుకున్నా ఆ నవ్వు ఎలా ఉంటుందో ఊహకు రాలేదు.

శ్రీదుర్గ ఫోన్‌లో నెట్ కలిపింది. కంపెనీ పేజీ తెరిచింది. రెండు వీడియోలూ తెర మీద పక్కపక్కన ఉన్నాయి.

"ఏది పంపను?" అని అడిగింది.

అమ్మిరాజు ఆశ్చర్యపోయి ఆమె వంక చూశాడు. ఆ పిల్ల నిజంగానే అడుగుతోంది. కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్ర లేదు. సరైన తిండి లేదు.

"మనిషి లేనిదే పంపమ్మా" అన్నాడు. "అది బాగా నడుస్తోంది. నీళ్ళు ఎంత బాగున్నాయో! తడబడేది పంపితే వాళ్ళేమనుకుంటారు? ఉద్యోగం మాటలా?"

ఆ మాట అనేటప్పుడు అతనికి అంత కష్టం కాలేదు. అన్నాక కష్టమైంది. ఆ పడవ ఎవరూ లేకుండా రేవుకు వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో ఎవరో చూసి బాగుందంటారు. అందులో ఒకడుండేవాడని వాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

"ఏది బాగా నడుస్తోందో నాకు తెలుసు" అంది శ్రీదుర్గ. "నేనడిగింది అది కాదు."

"మరేంటమ్మా?"

ఆమె ఫోన్‌లో టైము చూసుకుంది. అమ్మిరాజు తనకు తోచిన మాటలన్నీ ఒక్కొక్కటే వెతుక్కున్నాడు. నన్నుంచమ్మా అనొచ్చా? అంటే పిల్ల ఉద్యోగం పోతే? మళ్ళీ తన మాటే నెగ్గించుకున్నట్టు కాదూ? అనకపోతే, అక్కర్లేదన్నట్టు కాదూ? ఒక లాప్‌టాప్ ముందు నిలబడి అడక్కుండా నిర్ణయం చేసిన మనిషికి, అడిగి చెప్పమన్నప్పుడు ఏది ఎంచుకోవాలో తెలియలేదు.

"కొట్లో నేను చెప్పాల్సింది" అన్నాడు చివరికి. "నేనే విప్పేనని."

శ్రీదుర్గ కళ్ళు తెర మీదే ఉన్నాయి. అవి తడిగా ఉన్నాయని అమ్మిరాజుకు అనిపించింది. ఎర్ర లైట్ల వల్లనేమో, నిక్కచ్చిగా చెప్పలేడు.

నరసాపురం బండి రెండో ప్లాట్‌ఫారం మీదకు వస్తోందని మైకులో చెప్పారు. ముసలాయన లేచి మూట నెత్తికెత్తుకున్నాడు. హాల్లో జనం ఒక్కసారి కదిలారు. అమ్మిరాజు కూడా లేచాడు. చేపల పెట్టె ఒక చేత్తో, నీళ్ళ సీసా ఒక చేత్తో అందుకున్నాడు. ఆ కాసేపు అతను అటు తిరిగాడు. వెనక మీట నొక్కిన చప్పుడు వినిపించింది.

తిరిగి చూసేసరికి శ్రీదుర్గ లాప్‌టాప్ మూసేసింది.

"వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"ఏది పంపేవు?"

శ్రీదుర్గ ప్లగ్గులోంచి తీగ లాగి, నాలుగు చుట్లు చుట్టి సంచీలో వేసుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది.

"బండొచ్చేసింది నాన్నా. పద."

నాన్నా అంది. ఎన్నాళ్ళకో వచ్చిన పిలుపు అది. అమ్మిరాజు నిలబడ్డచోటే నిలబడిపోయాడు. తనను ఉంచినందుకు పిలిచిందో, తీసేసినందుకు జాలిపడి పిలిచిందో అతనికి తెలియలేదు. అడిగితే చెబుతుందేమో. ఆ పిల్ల అప్పటికే వంతెన మెట్లెక్కి జనంలో కలిసిపోతోంది. అమ్మిరాజు అడగలేదు.